గంట కొట్టే గడియారం దగ్గర మొదలుపెడదాం



సెలవులు వచ్చాయంటే ఇంట్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్న చర్చ మొదలవుతుంది. జూపార్కు, గోల్కొండ, చార్మినార్ అందరూ చూసినవే. ఈ మధ్య ఇంకో కోరిక కూడా వినబడుతోంది. కంప్యూటర్ ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో చూపించే చోటు ఏదైనా ఉందా అని పిల్లలు అడుగుతున్నారు. అడగడం సహజం. హైదరాబాదులో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నారు. అమ్మ, నాన్న, మేనమామ, పక్కింటి అక్క, అందరూ ఆ పని మీదే బతుకుతుంటే, ఆ యంత్రం కథ తెలుసుకోవాలని పిల్లలకు అనిపించదా?

కంప్యూటర్ చరిత్ర మ్యూజియం అనగానే చాలామంది అమెరికా పేరు చెబుతారు. కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో పెద్ద మ్యూజియం ఉన్న మాట నిజమే. దాని సంగతి కూడా చెబుతాను. అయితే అక్కడికి వెళ్లగలిగినవాళ్లయినా, వెళ్లలేనివాళ్లయినా మొదట ఒక రోజు మన పాతబస్తీకి కేటాయించండి. లెక్క పెట్టడం, కాలాన్ని కొలవడం, అక్షరాన్ని యంత్రానికి అప్పగించడం, ఈ మూడు పనులూ కలిస్తేనే కంప్యూటర్ అయింది. ఆ మూడింటి ఆనవాళ్లూ మూసీ నదికి దక్షిణాన, కొద్ది మైళ్ల లోపలే ఉన్నాయి. ఆ రోజును ఎలా గడపాలో ఈవేళ మీతో మాట్లాడతాను.

ముందు ప్రయాణం సంగతి. బయల్దేరాల్సింది సాలార్‌జంగ్ మ్యూజియానికి. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్ప ఏ రోజైనా సరే. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ స్టేషన్లో దిగితే అక్కడి నుంచి ఆటోలో కొద్ది నిమిషాలు. తలుపులు తీసే వేళకే చేరుకోండి. ఎందుకంటే మధ్యాహ్నం పన్నెండు లోపు మీరు చూడాల్సినవి రెండున్నాయి. మ్యూజియం అంతా ఒక్క రోజులో చూడాలని మాత్రం పెట్టుకోకండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులవి. తండ్రి, తాతల నుంచి వచ్చినవీ వాటిలో ఉన్నాయి. ఆయన 1949లో కన్నుమూశారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవడీలో మ్యూజియంగా జవహర్‌లాల్ నెహ్రూ దీన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ, దంతపు కుర్చీలు ఇంకోసారి వచ్చి చూడొచ్చు. ఈ రోజు మన కళ్లు రెండు వస్తువుల మీదే ఉండాలి.

మొదటిది ఆస్ట్రోలేబ్. అరబ్బీ, ఫారసీ తెలిసినవాళ్లు ఉస్తుర్లాబ్ అంటారు. మన సంస్కృత పండితులు దీనికి యంత్రరాజం అని పేరు పెట్టారు. 1370లో ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ఉన్న మహేంద్ర సూరి అనే జైన పండితుడు దీని మీద సంస్కృతంలో గ్రంథమే రాశాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఖగోళ పరికరాల మీద ప్రొఫెసర్ శ్రీరాముల రాజేశ్వర శర్మ 1996లో ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. ఆ పరికరాలు ఎక్కడున్నాయో లోపలికి వెళ్లగానే సిబ్బందిని అడిగి తెలుసుకోండి.

చూడటానికి అది అరచేతిలో ఇమిడేంత ఇత్తడి పళ్లెం. దాని మీద సన్నని గీతలు, వృత్తాలు. పైన జాలీలా కోసిన ఇంకో రేకు ఉంటుంది. ఆ జాలీలో ముళ్లలా పొడుచుకొచ్చిన ఒక్కో కొన ఒక్కో నక్షత్రానికి గుర్తు. రాత్రిపూట ఒక నక్షత్రం ఆకాశంలో ఎంత ఎత్తున ఉందో వెనకవైపు ఉన్న కడ్డీతో కొలుస్తారు. తర్వాత ముందువైపు జాలీని తిప్పి, ఆ నక్షత్రపు కొనను సరిగ్గా ఆ ఎత్తు చూపే గీత మీదికి తెస్తారు. అంతే, అప్పుడు టైమెంతో అంచు మీద చదువుకోవచ్చు. సూర్యోదయం ఎప్పుడో, నమాజుకు వేళెప్పుడో, మక్కా ఏ దిక్కున ఉందో తెలుసుకోవడానికి కూడా దీన్నే వాడేవారు. గోళం మీద చేయాల్సిన కష్టమైన త్రికోణమితి లెక్కంతా తయారు చేసినవాడు ముందే ఆ గీతల్లో పెట్టేశాడు. వాడేవాడికి లెక్క రానక్కర్లేదు, తిప్పడం వస్తే చాలు. ఒకరి తెలివిని వస్తువులో భద్రపరిచి ఇంకొకరి చేతికివ్వడమన్న ఆలోచన మొదలైంది ఇలాంటి చోటే. మీ పిల్లల సెల్‌ఫోన్లో ప్రతి యాప్ వెనకా ఉన్న ఆలోచన అదే.

రెండోది అందరికీ తెలిసిన సంగీత గడియారం. పన్నెండుకు పావుగంట ముందే వెళ్లి కూర్చోండి, జనం ఎక్కువగా ఉంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలతో కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ దీన్ని తయారు చేసింది. మూడు వందల యాభైకి పైగా భాగాలున్నాయి. ఒక పక్క కమ్మరి సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటాడు. గంటకు కొద్ది నిమిషాల ముందు తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికి వస్తాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు.

మనమందరం చిన్నప్పుడు చూసి చప్పట్లు కొట్టి వచ్చినవాళ్లమే. ఈసారి పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. ఇప్పుడు పన్నెండు కొట్టాలని, పదకొండు కాదని ఆ బొమ్మకు ఎలా తెలిసింది? దానికి కళ్లు లేవు, కరెంటు లేదు. వాళ్లను ఆలోచించనివ్వండి. వెంటనే జవాబు చెప్పకండి.

గంటలు కొట్టే గడియారాల్లో ఇందుకు రెండు పద్ధతులు ఉండేవి. పాత పద్ధతిలో ఒక చక్రం అంచున గాళ్లు కోసి ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య దూరం క్రమంగా పెరుగుతూ పోతుంది. ఒక మీట ఆ అంచు మీద జారుతూ, గాడిలో పడేదాకా సుత్తి కొడుతూనే ఉంటుంది. మొదటి దూరం ఒక్క దెబ్బకు సరిపడా, తర్వాతిది రెండు దెబ్బలకు, అలా పన్నెండు దాకా. పన్నెండు గంటల్లో మొత్తం 78 దెబ్బలు. పిల్లల చేత ఒకటి నుంచి పన్నెండు దాకా కూడించండి, సరిగ్గా 78 వస్తుంది. ఈ పద్ధతిలో ఒక లోపముంది. చక్రానికి తన వరుస మాత్రమే తెలుసు, ముల్లు ఎక్కడుందో తెలియదు. ఎవరైనా ముల్లును చేత్తో తిప్పితే, ముల్లు మూడు చూపిస్తుంటే గంటలు ఏడు కొడతాయి.

1676 ప్రాంతంలో ఎడ్వర్డ్ బార్లో అనే ఇంగ్లీషు మతాచార్యుడు దీనికి మందు కనిపెట్టాడు. నత్తగుల్ల ఆకారంలో పన్నెండు మెట్లున్న ఒక బిళ్లను గంటల ముల్లుతో పాటు తిరిగేలా అమర్చాడు. గంట కొట్టే వేళకు ఒక మీట ఆ మెట్ల మీద పడుతుంది. ఎంత లోతుకు పడితే అన్ని దెబ్బలు. అంటే కొట్టబోయే ముందు యంత్రం ఆ క్షణంలో ముల్లు ఎక్కడుందో చదువుకుంటుంది. మొదటి గడియారం బట్టీ పట్టిన వరుసను అప్పజెబుతుంది. రెండోది చూసి, తెలుసుకుని, అప్పుడు చేస్తుంది. ప్రోగ్రాం రాసేవాళ్లు ఈ రోజుకీ ప్రతి పనిలోనూ ఎంచుకోవాల్సిన రెండు దారులివి. మూడు వందల యాభై ఏళ్ల కిందట ఇత్తడితో తేల్చిన సంగతిది. ఈ తేడా అర్థమైన పిల్లకు కంప్యూటర్ సైన్సులో ఒక పాఠం ముగిసినట్టే.

మ్యూజియం నుంచి బయటపడ్డాక ఎండగా ఉంటే కాసేపు ఆగి, చార్మినార్ వైపు పత్తర్‌గట్టికి నడవండి. మదీనా చౌరస్తా దగ్గర చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తిని చీరల దుకాణాల ముందు నిలబడండి. ధర్మవరం, వెంకటగిరి చీరలు కనిపిస్తాయి. ఆ అంచుల్లో నెమళ్లు, మామిడి పిందెలు, ఏనుగులు వరసగా ఒకే తీరుగా రావడం వెనక ఒక పరికరముంది. మగ్గం పైన దారాలతో కట్టిన అట్టల దండ. ఒక్కో అట్టకు ఒక్కో వరుస చిల్లులు. చిల్లు ఉన్నచోట సూది లోపలికి వెళ్తుంది, దాని నూలు ఒక తీరుగా లేస్తుంది. చిల్లు లేనిచోట సూది ఆగిపోతుంది. ఉందా, లేదా, ఆ రెండే మాటలు. ఆ రెండు మాటలతోనే నెమలి పురి విప్పుతుంది.

ఫ్రాన్సులో లియోన్ పట్టణపు జోసెఫ్ మేరీ జకార్ 1804లో ఈ మగ్గాన్ని తీర్చిదిద్దాడు. మన నేతన్నలు దాన్ని జాకార్డు అంటారు. లండన్‌లో చార్లెస్ బాబేజ్ ఈ అట్టల్ని చూసి, పట్టు బదులు అంకెల్ని నేసే యంత్రం కట్టొచ్చని 1830లలో అనుకున్నాడు. దాన్ని కట్టి పూర్తి చేయలేకపోయాడు. ఆ యంత్రం ఏం చేయగలదో 1843లో ఎడా లవ్‌లేస్ వివరంగా రాసింది. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులనే వాడాడు. అతని కంపెనీ మరి కొన్నింటితో కలిసి పెరిగి 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. కాబట్టి ధర్మవరం మగ్గం ముందు కూర్చున్న నేతన్నకు కంప్యూటర్ కథలో దగ్గరి చుట్టరికం ఉంది. చీర కొనకపోయినా ఫరవాలేదు, ఆ అంచును పిల్లలకు చూపించి ఈ మాట చెప్పండి.

అక్కడి నుంచి మళ్లీ దారుల్‌షిఫా వైపు వస్తే ఛత్తా బజార్. పెళ్లి పత్రికల దుకాణాలు, చిన్న చిన్న ప్రెస్సులు. ఉర్దూ అక్షరాలను చక్కని చేతిరాతలో రాసే కాతిబ్‌లకు పేరున్న వీధి ఇది. ఒకప్పుడు నగరంలో ఉర్దూ పత్రికలు కాతిబ్‌ల చేతిరాతతోనే అచ్చయ్యేవి. ఆ రోజు వార్తలన్నీ రాత్రికి రాత్రి వెదురు కలంతో రాసి, ఆ రాత నుంచే అచ్చు తీసేవారు. ఎందుకంత కష్టం? ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు గీత మీద నిలబడవు. కుడి పై నుంచి ఎడమ కిందికి ఏటవాలుగా జారుతాయి. పక్కన ఏ అక్షరం ఉందన్నదాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మార్చుకుంటుంది. చుక్కలు ఒకదాన్నొకటి తోసుకోకుండా సర్దుకోవాలి. సీసపు అచ్చులకు అది లొంగలేదు.

1981లో లాహోరు జంగ్ పత్రిక కంప్యూటర్ నస్తాలీఖ్‌లో అచ్చయింది. కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షరాల కూర్పులను ఒక్కొక్కటిగా గీసి ఇస్తే, మోనోటైప్ కంపెనీ వాటిని యంత్రంలోకి ఎక్కించింది. 1990లలో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ ఛత్తా బజార్ దుకాణాల్లో కూడా చేరింది. కాతిబ్‌ల పని తగ్గిపోయింది. ఇప్పటికీ పెళ్లి పత్రికల మీద, మసీదు గోడల మీద చేతిరాత కోరేవాళ్లు ఉన్నారు. కలం పట్టిన పెద్దాయన ఎవరైనా కనబడితే సలాం చెప్పి, అనుమతి అడిగి, మీ పిల్లల పేర్లు రాయించుకోండి. ఆయన చేసిన శ్రమకు తగిన డబ్బు ఇవ్వండి. యంత్రం వచ్చినప్పుడు ఏం మారిందో ఆయన్నే అడగండి. ఏ మ్యూజియంలోనూ గాజు అద్దం వెనక దొరకని జవాబు అది.

మన తెలుగు కూడా ఇలాంటి దారే నడిచింది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. మన కంటికి ఒకటే. కంప్యూటర్ లోపల అది ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ చూసి, ఏ వత్తు ఎక్కడికి దిగాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో యంత్రం నిర్ణయించుకోవాలి. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ అనే సంకేతాల ప్రమాణం స్థిరపడింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. చోటు దక్కినా, మామూలు ఇంట్లో కంప్యూటర్ మీద తెలుగు సరిగా కనబడటానికి ఇంకా పదేళ్లు పట్టింది. అప్పటిదాకా ఒక్కో పత్రికది ఒక్కో ఖతి, అంటే ఫాంటు. ఒకచోట రాసింది ఇంకోచోట తెరిస్తే అర్థం లేని గీతలు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు లాంటివారు పోతన, వేమన ఖతులు తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే పద్ధతి కనిపెట్టారు. ఈవేళ మీరు వాట్సాప్‌లో అమ్మకు తెలుగులో పంపే ప్రతి సందేశం వీళ్ల శ్రమ మీద నడుస్తోంది. ఇదంతా మన కంప్యూటర్ చరిత్ర. దీన్ని మనం చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

ఓపిక ఉంటే మధ్యాహ్నం తర్వాత ఇంకొంచెం దక్షిణానికి, సంతోష్‌నగర్, కంచన్‌బాగ్ వైపు ఫిసల్‌బండకు వెళ్లండి. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. తెలుసుకోవడానికి మాత్రం చాలా ఉంది. ఈ రోజంతటిలో నాకు అన్నింటికన్నా ప్రియమైన కథ ఇక్కడిదే.

నవాబ్ జాఫర్ జంగ్ అనే ధనవంతుడికి ఆకాశమంటే ఇష్టం. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. నిజాం పేరు పెట్టుకోవడానికి అనుమతి అడిగి, నిజామియా అబ్జర్వేటరీ అన్నాడు. 1907లో ఆయన మరణించాక మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది. తర్వాత బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

ఆ రోజుల్లో ప్రపంచంలోని ఎన్నో వేధశాలలు కలిసి ఒక మహా యజ్ఞం చేస్తున్నాయి. 1887లో పారిస్‌లో మొదలైన ఆలోచన అది. ఆకాశాన్నంతా ముక్కలుగా పంచుకుని, ఫొటో తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టిక వేయాలి. సుమారు ఇరవై వేధశాలలు పాలుపంచుకున్నాయి. దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించారు. వాళ్లు చేయలేకపోతే అది హైదరాబాదుకు వచ్చింది. 1914లో డైరెక్టరుగా వచ్చిన రాబర్ట్ పోకాక్, ఆయన తర్వాత 1918 నుంచి 1944 దాకా పనిచేసిన టి.పి. భాస్కరన్, వారి సిబ్బంది ఆ భారాన్ని మోశారు.

ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. గాజు పలక మీద నల్లని చుక్కలుగా నక్షత్రాలు. వాటిపైన సన్నని గళ్ల గీతలు. బియ్యంలో రాళ్లేరినట్టు సూక్ష్మదర్శినిలో ఒక్కో చుక్కనూ పట్టుకుని, అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని కొలిచి కాగితం మీద వేయాలి. తర్వాత పలక వంపు, కోణం, దూరదర్శిని లోపాలు లెక్కలోకి తీసుకుని సరిదిద్దాలి. కంప్యూటర్ అనే యంత్రం లేదు. లెక్కంతా కాగితం మీద మనుషుల చేత్తో నడిచిందే. అలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల కొలతలు హైదరాబాదు సంపుటాల్లో అచ్చయ్యాయి. ఆ లెక్కలు చేసినవారి పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు.

కథ అక్కడితో ఆగిపోలేదు. దశాబ్దాల తర్వాత అమెరికా నౌకాదళ వేధశాల ఆ పాత సంపుటాల్లోని అంకెలన్నింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. యూరప్ పంపిన హిపార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలతో పోల్చి చూశారు. నక్షత్రం ఎటు కదులుతోందో, ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే ఇప్పటి స్థానం ఒక్కటే చాలదు, పాత స్థానం కూడా కావాలి. ఆ పాత స్థానాలు ఉపగ్రహం దగ్గర ఉండవు, హైదరాబాదు లాంటి ఊళ్ల దగ్గర ఉన్నాయి. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికలో ఇరవై అయిదు లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. వాటిని తేల్చడానికి ఈ పాత కొలతలు పునాది అయ్యాయి. మన ఊరివాళ్లు వంచిన తల ఎత్తకుండా రాసిన అంకెల్ని ఎనభై ఏళ్ల తర్వాత కంప్యూటర్ అందుకుని ముందుకు తీసుకెళ్లింది. జాగ్రత్తగా చేసిన లెక్క ఎన్నటికీ పాతబడదన్నదానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం నాకు తెలియదు. బేగంపేటలో ఇప్పుడు సెస్ పరిశోధన సంస్థ ఉన్న ఆవరణకు నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే పేరు నేటికీ నిలిచి ఉంది.

ఇంకో విశేషం కూడా ఉంది. అదే కంచన్‌బాగ్ దగ్గర రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాలలున్నాయి. విదేశాల నుంచి పెద్ద కంప్యూటర్లు కొనుక్కోవడం మనకు కష్టమైన రోజుల్లో, 1980ల చివర, అక్కడి అనురాగ్ అనే ప్రయోగశాల పేస్ అనే సమాంతర కంప్యూటర్ తయారీకి పూనుకుంది. విమానం చుట్టూ, క్షిపణి చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కించడానికి అనేక ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసే యంత్రమది. రక్షణ సంస్థ కాబట్టి లోపలికి వెళ్లడం కుదరదు. దారిన పోతూ పిల్లలకు ఈ మాట చెప్పండి. నక్షత్రాల వేధశాల మొదలైన చుట్టుపక్కలే సూపర్ కంప్యూటర్ లెక్క కూడా జరిగిందని తెలిస్తే ఆ పేట మీద వాళ్లకు గౌరవం పుడుతుంది.

పాతబస్తీ యాత్ర ఇక్కడితో ముగుస్తుంది. మరో ఆదివారం ఊరికి అటు కొసన ఉన్న ఈసీఐఎల్ వైపు వెళ్లండి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, మనకు తెలిసిన ఏ.ఎస్. రావు గారు, 1967 ఏప్రిల్‌లో మొదలైన ఈ సంస్థను నిలబెట్టారు. ఆయన పేరుతోనే ఏ.ఎస్. రావు నగర్ ఉంది. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. దాన్ని, ఆ తర్వాత టీడీసీ-312, టీడీసీ-316లను ఈసీఐఎల్ తయారు చేసి దేశంలోని విశ్వవిద్యాలయాలకు, ప్రయోగశాలలకు అందించింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు వాళ్ల యంత్రాల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసుకుంది. 1998 నవంబరు 22న వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి ఈ నగరంలో కంప్యూటర్ తయారీకి మూడు దశాబ్దాల అనుభవం ఉంది. మాదాపూర్‌తోనే హైదరాబాదు కంప్యూటర్ కథ మొదలైందని నమ్మే పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు కాలిఫోర్నియా మాట. కొడుకో కూతురో పిలిస్తే ఆరు నెలలు అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. లివర్‌మోర్ గుడి, గోల్డెన్ గేట్ వంతెన ఎలాగూ చూస్తారు. ఒక పూట మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి ఉంచుకోండి. వెళ్లే ముందు అది తెరిచి ఉండే రోజుల్ని, పాత యంత్రాల్ని నడిపి చూపించే రోజుల్ని పిల్లల చేత చూపించుకోండి. 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 కంప్యూటర్‌ను అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి నడిపిస్తారు. అది చిల్లుల కార్డులు గబగబా మింగుతూ కాగితం మీద అచ్చు వేస్తుంటే మీకు ధర్మవరం మగ్గం గుర్తుకు రావాలి. అక్కడే ఇంకొక పేరు కూడా వెతకండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాలరెడ్డి గారు, ప్రపంచానికి రాజ్ రెడ్డి. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పినవారిలో అగ్రగణ్యులు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు, 2021లో ఆ మ్యూజియం తన ఫెలోగా ఆయన్ను గౌరవించింది. పాతబస్తీ చూసి వెళ్లినవాళ్లు ఆ మ్యూజియంలో పరాయివాళ్లలా తిరగరు. తమ ఇంటి కథలో మిగతా సగం చదువుకున్నట్టు తిరుగుతారు.

చివరగా శ్రోతలకు ఒక విన్నపం. మ్యూజియాలు ప్రభుత్వ ఉత్తర్వులతో మాత్రమే పుట్టవు. ఎవరో ఒకరు పారేయకుండా దాచిన వస్తువులతో పుడతాయి. సాలార్‌జంగ్ మ్యూజియం అలాగే పుట్టింది. మీ అటక మీద పాత పంచ్ కార్డుల కట్ట ఉండొచ్చు, ఫ్లాపీలు ఉండొచ్చు, తెలుగు టైప్‌రైటర్ ఉండొచ్చు, కంప్యూటర్ ఎరా లాంటి తెలుగు మాసపత్రికల పాత సంచికలు ఉండొచ్చు. పాత సామాన్ల బండివాడికి కిలోల లెక్కన వేసే ముందు ఒక్క రోజు ఆగండి. పాత కంప్యూటర్ ఉంటే కరెంటు పెట్టి చూడకండి, లోపలి బ్యాటరీ ముందు తీసేయండి. అది కారితే బోర్డును తినేస్తుంది. ఫ్లాపీలలో ఉన్నది చదవగలిగినవాళ్ల చేత కాపీ తీయించండి. అన్నింటికన్నా ముఖ్యం, ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి ఆ వస్తువుకు కట్టండి. ఇది ఎవరిది, ఏ ఏడాది కొన్నది, ఏ ఆఫీసులో వాడింది, దీని మీద ఏం పని చేశారు. ఆ నాలుగు మాటలు లేకపోతే అది వట్టి ఇనుము.

ఈసీఐఎల్‌లో, సీఎంసీలో, బ్యాంకుల్లో, రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో తొలి కంప్యూటర్ల ముందు కూర్చున్న మన పెద్దలు ఎంతోమంది ఇంకా మన మధ్య ఉన్నారు. వారి ముందు ఫోన్ పెట్టి, అమ్మమ్మా, మొదటి రోజు ఆ యంత్రాన్ని చూసినప్పుడు ఏమనిపించింది అని అడిగి, రికార్డు చేయండి. బడులు, కాలేజీలు ఏడాదికి ఒక్క రోజు ఈ వస్తువుల్ని, ఈ గొంతుల్ని ప్రదర్శనకు పెట్టొచ్చు. అలా పోగైన సేకరణ ముందుంటే, మన నగరానికి కంప్యూటర్ చరిత్ర మ్యూజియం కావాలని అడగడానికి మనకు బలం వస్తుంది. వచ్చే శనివారం పాతబస్తీకి బయల్దేరండి. తిరిగొచ్చాక ఆదివారం పొద్దున అటక మీదికి నిచ్చెన వేయండి.